మీది గింజ

గుట్టామె పోయిందని దాదర్‌లో ఒక పెళ్లిలో తెలిసింది. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నావిడ మా చాల్‌లో, ఆ ఒంటి గదుల పాత మేడలో, కింది గదిలో పెరిగిన పిల్ల, ఇప్పుడు తనే అత్తగారైంది. వడ్డించేవాడికి చెయ్యి అడ్డం పెట్టి, నా వైపు వంగి, "అత్తా, గుట్టామె యాదికుందా? పోయిందట. ఆ గుట్టల మీదనే పోయిందట" అని చెప్పింది. అయ్యో అన్నాను. అనాలి కాబట్టి అన్నాను. లోపల మొదట పుట్టిన మాట వేరు. చావులో కూడా ఈమె నాకంటే మీదనే ఉంది కదా అనిపించింది.

ఈ వయసులో ఇలాంటి కుళ్లు తగదని తెలుసు. ఎవరిని చూసి కుళ్లుకున్నానో ఆమె లేదు. ఎవరి నోటి మాట కోసం కుళ్లుకున్నానో ఆయనా లేడు, మా ఆయన పోయి చాలాకాలమైంది. ఇద్దరూ పోయాక నా దగ్గర మిగిలిన కడుపుమంటను ఏం చేసుకోవాలో తెలియక ఇది చెబుతున్నాను.

ఆమెకు పేరు ఉండే ఉంటుంది. చాల్‌లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. పాలమూరు నుంచి రోడ్డు పనికని కన్నడ దేశంలో కాఫీ గుట్టలకు పోయిన కూలీల బిడ్డ. తండ్రి రోడ్డు వేస్తుంటే ఈమె తోటలో పండ్లు కోసింది. బాగా ఈడొచ్చాక, కామాఠిపురాలో గోడలకు సున్నాలు, రంగులు వేసుకునే ఒక మేస్త్రీకి రెండో పెళ్లికి ఇచ్చారు. ఆమె వచ్చింది ఎనభైల మొదట్లో. మిల్లుల సమ్మె ఇంకా నలుగుతున్న రోజులవి, మా గల్లీలో సగంమంది మగవాళ్లు పగలంతా గదుల ముందుండే గ్యాలరీ కమ్మీలకు ఆనుకుని నిలబడి ఉండేవారు. మూటలు దించకముందే "మా గుట్ట మీద గిట్లుండది" అన్నదట. అంతే, గుట్టామె అయిపోయింది.

కామాఠిపురా అంటే బయటివాళ్లకు ఒక్కటే గుర్తొస్తుంది. సంబంధాలు మాట్లాడేటప్పుడు మావాళ్లు కూడా "నాగ్‌పాడా దగ్గర" అని చెప్పుకునేవారు. మాకు మాత్రం గుర్తొచ్చేది నల్లా. సాయంత్రం నల్లా వచ్చే వేళకు ఆడవాళ్లంతా కిందికి దిగి, బిందెలు నింపుకుని, రొప్పుతూ మెట్లెక్కి వచ్చి మా గది ముందు కూలబడేవారు. మాది మూడో అంతస్తు. బొంబాయి తెలుగులో అంతస్తు అనరు, మాలా అంటారు. మా తీస్రా మాలా మొత్తానికి నా చాయ్ అలవాటు. అల్లం నలగ్గొట్టి, ఆకును రెండుసార్లు పొంగనిచ్చి, మూత పెట్టి దించేదాన్ని. అందంలో గాని, మాటకారితనంలో గాని, మెడలో బంగారంలో గాని నన్ను దాటినవాళ్లు ఆ గ్యాలరీలోనే ఉన్నారు. చాయ్‌లో లేరు. నాకున్న గొప్ప అదొక్కటే.

అలాంటి చాయ్ మా ఆయన రోజూ తాగేవాడు. తాగి గ్లాసు కింద పెట్టేవాడు, అంతే. నాగ్‌పాడాలో మోటారు గ్యారేజీలో ఫిట్టరు. పొద్దంతా ఇంజన్ల చప్పుడు విన్నాక ఇంటి దగ్గర మాటలు అక్కర్లేదనిపించేదేమో. పప్పు మాడినా అనేవాడు కాదు, పులుసు కుదిరినా అనేవాడు కాదు. పెళ్లైన కొత్తలో ఒకసారి "ఎట్లుంది?" అని అడిగాను. "తింటున్న గదా" అన్నాడు. ఆ తర్వాత అడగడం మానేశాను. అడక్కుండా ఆయన నోటి నుంచి "మంచిగుంది" అన్న మాట ఒక్కసారి రావాలని మాత్రం ఉండేది. నేను పట్టుచీర కోరలేదు, గాజులు కోరలేదు. ఆ ఒక్క మాట కోరుకున్నాను, అదీ మనసులో.

గుట్టామె పొట్టి మనిషి, గట్టి పిక్కలు. కుచ్చెళ్లు మడమల మీదికి ఎత్తి దోపుకునేది. చదునైన నేల మీద కూడా కాస్త ముందుకు వంగి, ఏదో ఎక్కుతున్నట్టు నడిచేది. మాట మొదలుపెట్టే ముందు ఒకసారి గాలి పీల్చేది. ఫోరస్ రోడ్డు గాలి పీల్చి ముఖం చిట్లించేది. "ఈ గాలికి బరువున్నది" అనేది. గాలికి బరువేమిటని మేం నవ్వితే, కింద పుట్టినవాళ్లకు ఏం తెలుసులే అన్నట్టు చెయ్యి ఊపేది. ఆ చెయ్యి ఊపడం నాకు అస్సలు గిట్టేది కాదు.

ఆమెకు లోకంలో ఉన్నవి రెండే రకాలు, మీదిది, కిందిది. కాఫీ గింజలతో మొదలుపెట్టిన లెక్కను మనుషుల దాకా తెచ్చింది. ఎవరింటికైనా కొత్త కోడలు వస్తే గడప దగ్గర నిలబడి ఎగాదిగా చూసి, "మీది పిల్లనే" అని తీర్పు చెప్పేది. నల్లా దగ్గర ఎవరైనా గొంతు చించుకుంటే, "కింది గింజ, జల్ది పండింది, ఏం జేస్తది పాపం" అనేది. నేను పుట్టింది కామాఠిపురాలోనే. ఇంతకంటే కిందికి పోవాలంటే సముద్రంలో దిగాలి. ఆమె లెక్కలో నా చోటెక్కడో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పిల్లలకు ఆమె అంటే పిచ్చి. మా పిల్లలు అప్పటికే ఇంట్లో తెలుగు, మెట్లు దిగితే మరాఠీ. చుట్టూ చేరి "డోంగర్ కితీ ఉంచ్?" అని ఆ గుట్ట ఎంత ఎత్తో అడిగేవారు. "మన చాల్ మీద ఇంకో చాల్ పెట్టు, దాని మీద ఇంకోటి పెట్టు, పెట్టుకుంట పో, నేను ఆగుమనేదాంక" అనేది. ఎప్పుడూ ఆగుమనేది కాదు. వచ్చిన కొత్తలో మబ్బులు ఆ గుట్టకు నడుము దాకా ఉండేవి. ఏడాది తిరిగేసరికి మోకాళ్ల దాకా దిగాయి. ఆమె బొంబాయిలో ఉన్నకొద్దీ గుట్ట పెరిగింది. ఒకసారి నేను, "మొన్న నడుమంటివి గదక్కా" అన్నాను. "నడుమే, వానాకాలంల మోకాళ్లు" అంది, ఏమాత్రం తడుముకోకుండా.

ఆమె తమ్ముడు తోటలోనే మేస్త్రీ. ఏడాదికోసారి వచ్చేటప్పుడు గోనెసంచి అడుగున కాఫీ గింజలు పోసుకుని వచ్చేవాడు. మంచి గింజలను దొర ఓడలకు ఎక్కించేవాడు, కూలీలకు మిగిలేవి విరిగినవి, పురుగు కొట్టినవి. ఆ సంగతి ఆమె దాచలేదు. "ఇరిగినా మీది గింజ మీదిదే" అని విరిగిన ముక్కలను కూడా ఏరి పెట్టుకునేది.

ఆదివారం పొద్దున, మెట్ల పక్కన తన కింది గదిలో, కిరసనాయిలు స్టవ్వు మీద ఇనప మూకుడు పెట్టి వేయించేది. ముందు తడి గోనె వాసన వచ్చేది. దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. గింజలు చిటపటమనగానే వాసన మారిపోయేది. అది మెట్ల మీదుగా మొదటి మాలాకు, రెండో మాలాకు ఎక్కి, తీస్రా మాలాలో నా చాయ్ గిన్నె దగ్గరికి వచ్చేది. అప్పుడు నేను గిన్నె మీద ముక్కు పెట్టి చూసుకున్నా నా అల్లం నాకే తెలిసేది కాదు. కాఫీ కాచి, పాతగుడ్డలో వడగట్టి, పాలు కొంచెమే పోసి, గ్లాసును రెండు చేతులతో ఇచ్చేది. ఇచ్చినా వెంటనే తాగనిచ్చేది కాదు. "ఆగు, ముందుగాల వాసన జూడు" అనేది. తాగాక, "మీది గింజ నాలుక మీద నడిసి పోతది, కింది గింజ నాలుక మీద కూసుంటది" అని చెప్పేది. చెప్పిన మాటే చెప్పినా అందరూ కొత్తగా విన్నట్టు తలూపేవారు.

క్రమంగా ఆడవాళ్లు నల్లా దగ్గరి నుంచి పైకి రావడం తగ్గింది. బిందెలతో మూడు మాలాలు ఎక్కి నా దగ్గరికి రావడమెందుకు, మెట్ల పక్కనే ఆమె గడప ఉండగా. నేను చాయ్ అదే కొలతలో పెడుతూ పోయాను. మిగిలింది నేనూ మా అత్తా తాగేవాళ్లం.

అయినా అప్పటిదాకా నాది ఉత్త చిరాకే. కడుపుమంట మొదలైంది మర పిడి విరిగిననాడు. గింజలు విసరడానికి ఆమెకు చేత్తో తిప్పే మర ఒకటి ఉండేది, గడప పక్కన చెక్కకు బిగించుకుంది. దాని పిడి విరిగితే, చాల్‌లో ఇనప పని తెలిసినవాడని మా ఆయనను అడిగింది. ఆయన గ్యారేజీకి తీసుకుపోయి, అతికించి తెచ్చి ఇచ్చాడు. నేను ఖాళీ బిందెతో మెట్లు దిగుతున్నాను. ఆయన ఆమె గడప ముందు గొంతుకూర్చుని ఉన్నాడు, చేతిలో గ్లాసు. ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసి, "మంచిగుంది" అన్నాడు.

నేను చివరి మెట్టు మీద ఆగిపోయాను. వెనక నుంచి ఎవరో "చల్ చల్, నల్లా బంద్ అయితది" అని తోస్తున్నారు. ఎట్లుందని ఆమె అడగలేదు. ఆయనే అన్నాడు. ఆ మాట విలువ ఆమెకేం తెలుసు, రోజూ పదిమంది అనేదే కదా. వినీ విననట్టు "ఇంకింత పోస్తనా తమ్మీ" అంది. పొయ్యమని గ్లాసు చాపాడు.

ఇక్కడ ఒక సంగతి తేల్చి చెప్పాలి. నాది అనుమానం కాదు. ఆమె ఆయనను తమ్మీ అనేది, ఆయన అక్కా అనేవాడు, ఆ పిలుపుల్లో ఏ వంకా లేదు. వంక ఉంటే నాకు సులువయ్యేది. గ్యాలరీలో నిలబడి నాలుగు అరిచి, పెద్దమనుషులను పిలిచి తేల్చుకునేదాన్ని. ఒక గ్లాసు కాఫీని మంచిగుందన్నాడని ఎవరి ముందు పంచాయితీ పెట్టను? ఆ సాయంత్రం చాయ్‌లో రెండింతల అల్లం వేశాను. ఆయన తాగి, కాస్త దగ్గి, గ్లాసు కింద పెట్టాడు.

మా అత్తకు నా మీద ప్రేమ తక్కువే గాని, కింది గదులవాళ్ల మీద అంతకంటే తక్కువ. కోడలి చాయ్‌ని దాటి పోయేంతగా ఆ కాఫీలో ఏముందో కనుక్కొస్తానని తనే దిగి వెళ్లింది.

"అంత ఎత్తులనే ఉన్నది పెద్దమ్మా. ఎంత మీదుంటే గంత రుచి" అని చెప్పిందట గుట్టామె. చెప్పి, గుప్పెడు గింజలు మా అత్త చేతిలో పోసి, "జూడు, ఇది మీది గింజ" అందట.

"మాది గాదు బిడ్డా, నీ సంచిలదే" అని మా అత్త గింజలు తిరిగి ఇచ్చేసి పైకి వచ్చింది. వచ్చేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోతోంది. "ఏం లేదే, ఎత్తట. అరే, ఆమెది కింది గది, మనది తీస్రా మాలా. కిందున్న ఆమెకే గంత రుచి వస్తే మనకెంత రావాలె?" అంది.

ఇందులో నవ్వడానికి ఏం లేదు. మేం పుట్టింది, పెరిగింది చాల్‌లలో. మాకు ఎత్తంటే మాలాయే. ఆమె కూడా గుట్టను చాల్‌లతోనే కొలిచి చెప్పింది కదా. అత్త మాట నాకు న్యాయంగానే తోచింది. ఆమెకు లేని ఎత్తు నా దగ్గర ఉన్నందుకు, చాలా రోజుల తర్వాత ఆ మెట్లంటే ఇష్టం కలిగింది.

మాటుంగాలో మద్రాసువాళ్ల కాఫీ కొట్టుకు పోయి పచ్చి గింజలు కొన్నాను. కొట్లో మనిషి వేయించి, విసిరి, చికోరీ కలిపి ఇవ్వనా అన్నాడు. ఏం కలపొద్దు, ఎత్తు మేమే పెట్టుకుంటామన్నాను. ఆయన నన్ను ఇంకోసారి చూసి పొట్లం కట్టాడు. గింజలను పాత ధోవతి ముక్కలో మూటగట్టి మొదట అటక మీద పెట్టాను. అత్తకు అది చాలలేదు. టెర్రస్ మీద నీళ్ల ట్యాంకు పక్కన కర్ర నిలబెట్టించి, దాని కొసకు కట్టించింది. మా చాల్‌లో అంతకు మించిన ఎత్తు లేదు. సంగతి ఎలా పొక్కిందో, రెండో మాలాలో ఉండే ఒకామె తన చాయ్‌పత్తి డబ్బా తెచ్చి ఆ కర్ర మొదట్లో పెట్టిపోయింది. తర్వాత ఎవరిదో ఊరగాయ జాడీ వచ్చింది.

వానలు మొదలయ్యాయి. మూట తడిసింది, ఆరబెట్టాను, మళ్లీ తడిసింది. ఇక ఎత్తు సరిపోయి ఉంటుందని దించి, వేయించి, రోట్లో నలగ్గొట్టి కాఫీ పెట్టాను. రంగు బాగానే వచ్చింది. మా ఆయనకు గ్లాసు ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఒక గుక్క తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. మళ్లీ ఎత్తలేదు. కాసేపటికి చొక్కా తొడుక్కుని మెట్లు దిగాడు. కమ్మీల మీదుగా వంగి చూస్తే ఆమె గడప కనిపిస్తుంది. ఆమె ఇచ్చిన గ్లాసు అందుకునేటప్పుడు ఆయన భుజాలు కాస్త దిగడం కూడా నాకు అంత ఎత్తు నుంచి కనిపించింది.

మర్నాడు గుట్టామే మా గదికి వచ్చింది. మూడు మాలాలు ఎక్కి వచ్చి కూడా రొప్పలేదు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ మెట్లు ఎక్కుతున్న నేను ఇప్పటికీ రొప్పుతాను. దానికీ నాకు ఒళ్లు మండింది.

"గింజలు ఏడ పెట్టినవ్ చెల్లె?" అని అడిగింది.

"టెర్రస్ మీద" అన్నాను.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ద్వారబంధానికి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. పక్క గదులవాళ్లు వచ్చి, ఏమిటని అడిగి, వాళ్లూ నవ్వారు. ఊరగాయ జాడీ వాళ్లు కూడా నవ్వారు. నేను గిన్నె తోముతూ వెనక్కి తిరగలేదు. తోమిన గిన్నెనే మళ్లీ తోమాను.

నవ్వు ఆగాక వచ్చి నా పక్కన చతికిలబడింది. "కోసినంక ఏడ పెడితే ఏంది చెల్లె? చెట్టు ఏడున్నదన్నది లెక్క. గుట్ట మీద సల్లగుంటది, కాయకు తొందరుండది. కింద పండ్లు ఎర్రగై కోసుడు అయిపోయే యాళ్లకు మీద ఇంక పచ్చిగనే ఉంటయి. నిమ్మలంగ, నిమ్మలంగ, తీపంత లోపలికి గుంజుకుంటది. గందుకే చిన్నగుంటది, గట్టిగుంటది. కిందిది ఎండకు జల్ది జల్ది పెరిగి లావైతది, లోపల బలముండది" అంది. మూటలో మిగిలిన నా పచ్చి గింజ ఒకటి తీసి ముందు పళ్లతో నొక్కింది. విరిగింది. తన కొంగు ముడి విప్పి ఇంకో గింజ నా చేతిలో పెట్టి, కొరకమంది. నా పన్ను జివ్వుమంది గాని గింజకు గాటు పడలేదు. "నడుమ గీత జూడు. నీ దానికి సీదా, తెరుసుకోని ఉన్నది. నా దానికి వంకర, మూసుకోని ఉన్నది. మాటుంగల నిన్నెవ్వరు మోసం జెయ్యలే, నువ్వు ఎత్తు అడగలే, ఆయన ఇయ్యలే."

రెండు గింజలనూ అరచేతిలో పెట్టుకుని చూశాను. ఆమె చెప్పింది నిజమే. నిజమని తెలిశాక మంట తగ్గాలి, నాకు ఇంకా రాజుకుంది. అన్నాళ్లూ ఆమె చేతిలో ఏదో కిటుకు ఉందనుకున్నాను. చేతిలో ఉన్నదైతే ఎలాగో నేర్చుకోవచ్చు. గుట్టను నేనెక్కడి నుంచి తేను?

"ఇంత మీదికొచ్చిన, చాయ్ పొయ్యవా" అంది. ఆమె చాయ్ తాగగా చాల్‌లో ఎవరూ చూడలేదు. ఆకు పశువులు తింటయి, గింజ మనుషులు తింటరు అని అందరి ముందూ అనే మనిషి. పెట్టి ఇచ్చాను. అల్లం తగ్గించలేదు. వాసన చూసింది, తాగింది, గ్లాసు ఖాళీ చేసింది. "మంచిగుంది చెల్లె" అంది.

ఆ మాట నేను ఆ గదిలో మొదటిసారి విన్నాను. విన్నదే గాని, కావలసిన నోటి నుంచి కాదు. ఆమె మంచితనానికి ఇంకొకరైతే కరిగిపోయేవారు. నాకు మాత్రం, నాకు రావలసిన దానిలో నుంచి ఈమె చిల్లర తీసి నా చేతిలో పెట్టినట్టు అనిపించింది.

అయినా ఆదివారం ఆమె గదికి పోయాను. రమ్మంది, నేర్పిస్తానంది. నేర్చుకుంటే పోయేదేముందని పళ్లు బిగబట్టి కూర్చున్నాను. "మీది గింజ సులువుగ లొంగది, మంట పెద్దగ పెట్టు. కింది గింజకు గంత మంట పెడితే బొగ్గైతది" అని మూకుడు నా చేతికే ఇచ్చింది. చిటపట ఎప్పుడు ఆగుతుందో చెవితో వినమంది. దించాక నీళ్లు మసలనిచ్చి, ఒక్క నిమిషం ఆగి పొయ్యమంది. ఏదీ దాచలేదు. నేను అడగనివి కూడా చెప్పింది.

వాసనకు గది నిండిపోయిన సమయంలో ఆమె మొగుడు, ఆ ముసలి మేస్త్రీ, మంచం మీద నుంచి లేచి, మా ఇద్దరి మధ్య నుంచి దాటుకుని బయటికి పోయాడు.

"ఇరానీ హోటల్ల చాయ్ తాగొస్తడు" అంది గుట్టామె. "కాఫీ కడుపుల మంట లేపుతదంటడు. పెండ్లైన కాన్నుంచి ఒక్క గుక్క తాగలే." నా చేతిలోని మూకుడులోకి వంగి గింజల రంగు చూసింది. "నీ మొగడు తాగుతుంటే సూడబుద్దైతది చెల్లె. గ్లాసులకు సూసుకుంట తాగుతడు."

అక్కడ నాకు జాలి కలగాలని తెలుసు. చాల్‌లో ప్రతి మొగుడూ మెచ్చిన కాఫీని తన మొగుడు ముట్టలేదు. కాని ఆమె మొగుడు తాగకపోతే నా మొగుడికి పొయ్యాలా? ఆయన గ్లాసులోకి చూస్తూ తాగుతాడన్నది నేను కనిపెట్టుకోవలసిన సంగతి. దాన్ని ఇంకో ఆడది నాకు చెప్పింది.

ఆ తర్వాత కూడా ఆమె చాలాకాలం ఉంది. నేను మాటుంగా గింజలతో ఆమె పద్ధతిలో కాచేదాన్ని. తాగడానికి పనికొచ్చేది. మా ఆయన వారం పొడుగునా నాది తాగేవాడు, ఆదివారం కిందికి దిగేవాడు. దసరాకని ఒకసారి, వాళ్ల తమ్ముడు వచ్చాడని ఒకసారి, ఆమె గుప్పెడేసి మీది గింజలు ఇవ్వబోయింది. వద్దన్నాను. ఆమె ఇచ్చిన గింజతో గెలిస్తే ఆమే గెలిచినట్టని నా పట్టుదల.

ముసలి మేస్త్రీకి ఛాతీలో నెమ్ము చేరి, ఒక చలికాలం పోయాడు. కర్మలయ్యాక తమ్ముడు వచ్చి అక్కను తీసుకుపోతానన్నాడు. ఆమెకు ఆ గదిలో ఇక ఏం లేదు. పొయ్యేరోజు గ్యాలరీలన్నీ నిండాయి. ఆడవాళ్లు ఏడ్చారు, పిల్లలు "డోంగర్, డోంగర్" అని చీర పట్టుకుని లాగారు. మా ఆయన ఆ పూట గ్యారేజీకి పోకుండా ఆమె పెట్టె మోశాడు. నేనూ కళ్లొత్తుకున్నాను. నా కళ్లలో నీళ్లు ఎందుకొచ్చాయో నాకే తెలుసు.

ఆమె నా దగ్గరికి వచ్చి, సంచి అడుగున మిగిలిన గింజల మూటను, చెక్క మీద నుంచి విప్పిన మరను నా చేతుల్లో పెట్టింది. "తమ్మి అతికిచ్చిన పిడి, ఇంక గట్టిగనే ఉన్నది. నీకు తప్ప ఇంకెవ్వరికి రాదు ఇది" అంది. ఈసారి వద్దనలేదు. ఆమె పోతోంది, ఇక ఇచ్చినా ఒకటే, ఇవ్వకున్నా ఒకటే అనుకున్నాను. ఫోరస్ రోడ్డు మీద టాక్సీ ఎక్కే ముందు ఒకసారి గాలి పీల్చి, ముఖం చిట్లించి, వంగి లోపల కూర్చుంది.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం మా ఆయన క్షవరానికని బయటికి పోగానే స్టవ్వు ముట్టించాను. గింజలు ఆమె తోటవే. మర ఆమెదే. మంట ఆమె చెప్పినంత, చిటపట ఆగేదాకా చెవి పెట్టి విన్నాను, నీళ్లను ఆగి పోశాను. పాలు, చక్కెర ఆమె కొలతలోనే వేశాను. ఇన్నాళ్లూ నాకు లేనిదల్లా గుట్టే, అదీ ఇప్పుడు నా మూకుడులో ఉంది. మొదటిసారి ఆ వాసన తీస్రా మాలా నుంచి కిందికి దిగింది. నేను గుడ్డ పిండుతూ నా గ్లాసులో ఒక గుక్క చూశాను. నాలుక మీద నడిచి పోయింది.

ఆయన మెట్లు ఎక్కి వచ్చాడు. ఎప్పటికంటే తొందరగా ఎక్కాడు, ఆ అడుగుల చప్పుడు నాకు తెలుసు. గడప మీద కూర్చున్నాడు. గ్లాసును రెండు చేతులతో ఇచ్చాను. వాసన చూశాడు. తాగాడు. గ్లాసులోకి చూసి, మళ్లీ తాగాడు.

"మంచిగుంది" అన్నాడు.

నేను అడగలేదు. అడక్కుండా అన్నాడు, మా గదిలో, నా గడప మీద. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన గ్లాసు మీద నుంచి తలెత్తి, గది లోపలికి, తలుపు వెనక్కి చూశాడు.

"అక్క ఎప్పుడొచ్చింది?" అన్నాడు.

"అక్క రాలే" అన్నాను. "నేనే చేసిన."

ఆయన నన్ను చూశాడు. గ్లాసులోకి చూశాడు. ఇంకో గుక్క తాగి, కాసేపు నోట్లో ఉంచుకుని మింగాడు.

"చక్కెర జర తక్కువైంది" అన్నాడు.

నేను లోపలికి పోయి, చక్కెర డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను.